మన్ననూరు గేటు దగ్గర ఒక చీటీ

శ్రీశైలం రూటులో ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జంతువుల కోసం మన్ననూరు గేటు రాత్రి 9కి వేస్తారు, పొద్దున 6కి తీస్తారు. మంచి కట్టడే. చిక్కంతా గేటు పడేముందు గంటన్నరలో ఉంది. తొమ్మిదిలోపు గేటు దాటాలని కార్లది ఒకటే పరుగు. వటవర్లపల్లి మలుపుల్లో కూడా నా బస్సును ఎడాపెడా దాటేసి పోయేవి. సరిగ్గా ఆ మసకవేళకే దుప్పులు, కణుజులు మేతకూ నీళ్లకూ కదులుతాయి.

లైటు కళ్లలో పడితే దుప్పి కొయ్యబారిపోతుంది. హారన్ కొట్టారా, బెదిరి ఎటు దూకుతుందో దానికే తెలియదు. లైటు తగ్గించి బండి ఆపితే దాని దారిన అది పోతుంది. ఒకటి దాటింది కదా అని యాక్సిలేటర్ తొక్కకూడదు, వెనక పొదలో ఇంకోటి ఉండే ఉంటుంది. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు!

అలుగుది మరీ అన్యాయం. భయమేస్తే పరిగెత్తదు, పొలుసుల ముద్దలా చుట్టుకుని అక్కడే పడి ఉంటుంది. చిరుత కోరలకు లొంగని ఆ ముద్ద లారీ టైరుకు ఒక లెక్కా? అసలే అంతరించిపోతున్న జీవి. పెట్టేది కూడా సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లే.

ఈ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన ఉంది. రావాల్సిందే. నాగపూర్ నుంచి సివనీ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో, పెంచ్ అడవి దగ్గర రోడ్డు కింద వదిలిన దారుల్లో పులులు నడవడం కెమెరాలకు చిక్కింది. కానీ అంత కట్టడం పూర్తయ్యేసరికి ఏళ్లు పడుతుంది. అందాకా ఏం చేద్దాం?

అస్సాంలోని కాజీరంగాలో వరదలొచ్చి జంతువులు రోడ్డెక్కే రోజుల్లో ప్రతి బండికీ టైం కార్డు ఇస్తారు. గంటకు 40 కిలోమీటర్ల లెక్కన పట్టే సమయం కన్నా ముందే అవతలి గేటు చేరితే జరిమానా. మనకూ ఇటు మన్ననూరు, అటు దోమలపెంట చెక్‌పోస్టులు ఉండనే ఉన్నాయి. మధ్య దూరం దాదాపు 60 కిలోమీటర్లు, అంటే గంటన్నర. లోపలికి వచ్చేటప్పుడు టైం రాసిన చీటీ ఇచ్చి, బయటికి పోయేటప్పుడు చూస్తే సరి. రాత్రి ఏడున్నర దాటాక కొత్త బండిని లోపలికి వదలకూడదు. కోతులకు పుణ్యమని అరటిపళ్లు విసిరి వాటిని రోడ్డు మీదికి పిలిచేవాళ్లకూ అక్కడే జరిమానా రాయొచ్చు.

మా బస్సులకు మినహాయింపు అడగను. రన్నింగ్ టైం పావుగంట పెంచితే చాలు. మల్లన్న దర్శనానికి పావుగంట ఆలస్యమైందని డ్రైవరుతో గొడవపడ్డ ప్రయాణికుడు నాకైతే ఎప్పుడూ తగల్లేదు. గొడవంతా చిల్లర దగ్గరే, అదీ కండక్టరుతో.