రాయికి మొక్కుతున్నది ఎవరు?



"ముస్లింలు కూడా మక్కాలో నల్లరాయికే మొక్కుతారు" అనే మాట మన కూటములలో తరచుగా వినబడుతుంది. దానికి కొందరు హల్లెలూయ కూడా చెబుతారు. ప్రియులారా, అది అబద్ధము. తొమ్మిదవ ఆజ్ఞ మన పక్కింటి సాయిబుగారి విషయములో కూడా వర్తిస్తుంది.

ఇస్లాముకు పునాది తౌహీదు. అనగా దేవుడు ఒక్కడే, ఆరాధన ఆయనకే. ఆయనకు ఎవరినైనా జత చేయడము షిర్కు; వారి దృష్టిలో అంతకు మించిన పాపము లేదు. మహమ్మదు క్రీ.శ. 630లో మక్కాను వశపరచుకున్నప్పుడు కాబాలోని విగ్రహములను తీసివేయించాడు. కాబా వారికి నమాజు చేసే దిక్కే గాని దేవుడు కాదు. మొదట మదీనాలో వారు యెరూషలేము వైపు తిరిగి నమాజు చేసేవారు. 624లో ఆ దిక్కు మక్కాకు మారింది. మదీనాకు యెరూషలేము ఉత్తరాన, మక్కా దక్షిణాన ఉన్నవి. రాయినే ఆరాధించేవారైతే అన్ని నెలలు దానికి వీపు చూపి మోకరించేవారా?

అయితే వారికీ మనకూ భేదము లేదా? ఉన్నది, దానిని దాచము. దేవునికి సంతానము లేదని, ఆయన ఎవరి సంతానమూ కాడని ఖురాను 112వ అధ్యాయము చెబుతుంది. దేవునికి భార్య ఉండి శరీర రీతిగా కుమారుని కన్నాడని మనమూ నమ్మము. ముగ్గురు దేవుళ్లు మనకు లేరు. ద్వితీయోపదేశకాండము 6:4ను ప్రభువైన యేసే మార్కు 12:29లో ప్రధానమైన ఆజ్ఞగా చెప్పాడు. ఆదియందు దేవునియొద్ద ఉన్న వాక్యమే శరీరధారియై వచ్చెనని యోహాను మొదటి అధ్యాయము సాక్ష్యమిస్తుంది. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని 325లో నైసియా సభ ఒప్పుకున్నది ఇందుకే. మనము ఒక మనిషిని దేవునిగా చేయలేదు. దేవుడే మనకొరకు మనిషి అయ్యాడు. ఇక్కడ మేము ఒక్క అడుగు కూడా వెనుకకు వేయము.

కాని ఈ జవాబును మన ఇండ్లు నమ్మనిస్తున్నాయా? దైవజనుని ఫొటో తలగడ క్రింద ఉంటుంది. ప్రార్థన చేసిన నూనె సీసా లేనిదే జ్వరము తగ్గదని భయము. "అయ్యగారు చెయ్యి పెడితేనే పని జరుగుతుంది" అంటాము. మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుడు చేయించినదే; అయినా జనులు దానికి ధూపము వేసినప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టాడు (2 రాజులు 18:4). కొర్నేలీ పాదములమీద పడినప్పుడు పేతురు వెంటనే అతనిని లేవనెత్తాడు. నేటి బోధకులలో ఎందరు లేవనెత్తుచున్నారు? సేవకులమైన మేమే మొదట సిగ్గుపడవలసి ఉన్నది.

సాయిబుగారు మనలను షిర్కు అన్నప్పుడు త్రిత్వము గురించి వాక్యముతో జవాబు చెప్పగలము. నూనె సీసా గురించి అడిగితే ఏమి చెబుతాము?

ఈ వారము ఇంటిలోని ఇత్తడి సర్పములను వెదకి తీసివేయుదము. ఒక్క దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.