అమ్మమ్మ ఉన్న తెర

జూన్ మొదలు ఆగస్టు వరకు మధ్యాహ్నము 12:30కు, 3:30కు నడుమ ఎండలో ఎవరిచేతను పని చేయింపరాదని ప్రభుత్వమే నిషేధించిన ఈ ఒమాను దేశమున, బౌషర్ ఇసుక తిన్నెలు నిప్పులు చెరుగుచుండగా, ఘలాలోనో ఘుబ్రాలోనో అపార్టుమెంటు గదిలో ఏసీ క్రింద ముడుచుకొని కూర్చున్న తెలుగు బిడ్డను "ఫోను అవతల పెట్టి బయటికి పోయి ఆడుకోరా" అని గద్దించుట ఎంత వ్యర్థమో, ఇచ్చట కాపురముండు ప్రతి తల్లియు ఎరుగును.

అదియునుగాక, ఆ తెరలోనే అమ్మమ్మ ఉన్నది. సెలవు దినమగు శుక్రవారము ఉదయమున, మన గడియారముకంటె గంటన్నర ముందు నడచు గుంటూరులో పూజ ముగించుకొని ఆమె వీడియోలో కనబడి "ఏం తిన్నావు నాన్నా?" అని అడుగగానే, మా తొమ్మిదేండ్లవాడు తెరకు ముద్దు పెట్టును, ఆ ఎంగిలి మరకను తుడువ నాకు మనసొప్పదు. రెండేండ్లలోపు బిడ్డకు తెర వలదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట శిరోధార్యమే. కాని అమ్మమ్మతో గడపిన అరగంటను, అపరిచితునితో గడపిన అరగంటను ఒకే గడియారముతో కొలువదగునా?

గడచిన వేసవిలో ఒకనాడు మజ్జిగ గ్లాసుతో గదిలోనికి పోగా, వాడు ట్యాబును చటుక్కున రొమ్మునకు అదుముకొనెను. గేములో తోడాడు ఎవడో రెండు దినములుగా "మీ బిల్డింగ్ ఏది? ఇంట్లో ఎవరున్నారు?" అని అడుగుచున్నాడు. వీడు బదులీయలేదు, నాకును చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే ట్యాబ్ లాగేసుకుంటావు కదమ్మా."

నాకు నోట మాట రాలేదు. అన్నము తినకున్న ట్యాబు, హోంవర్కు చేయకున్న ట్యాబు, మారాము చేసిన ట్యాబు అని ప్రతి తప్పునకు దానినే లాగికొనుచు, ఆ మౌనమును వానికి నేర్పినది నేనే.

ఆ రాత్రి ఆ పేరును బ్లాకు చేసి, ఆ గేములో చాటింగు మూసివేసి, చార్జరును పడకగదినుండి హాలులోనికి మార్చితిమి. వాని తండ్రి ఫోనుకును అదియే చోటు. గూగుల్ ఫ్యామిలీ లింకు తాళము మంచిదే, నా అనుమతి లేనిదే క్రొత్త యాప్ దిగనీయదు. అయినను ఆటలో పలుకరించువాని మనసును అది చదువజాలదు. "పరాయి దేశము, మనకెందుకీ గొడవ" అని మనవారు ఫిర్యాదు చేయుటకు వెనుదీయుట నేను చూచుచున్నాను, వెనుదీయవలదు. ఒమాను 2014లోనే బాలల రక్షణకు ప్రత్యేక శాసనము చేసినది. బిడ్డకు కీడు జరుగుచున్నదని తెలుపుటకు 1100 అను ఫోను నంబరున్నది.

అన్నిటికంటె కష్టమైనది "ఏం జరిగినా నాతో చెప్పు, ట్యాబ్ తీసుకోను" అని వానికిచ్చిన మాట నిలుపుకొనుట. మొన్న గురువారము రాత్రి వాడు తనంతట తానే హాలులోనికి వచ్చి, "అమ్మా, వీడెవడో నా ఫోటో అడుగుతున్నాడు" అని తెర చూపెను. చేయి చాపబోయి, ఆపుకొని, సోఫాలో కొంచెము ప్రక్కకు జరిగి వానికి చోటిచ్చితిని.

— ప్రవాసిని