అబ్బాజాన్ ఎవరి మాట?

2021 సెప్టెంబరు 12న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ సభలో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ఒక మాట సెలవిచ్చారు. 2017కు ముందు పేదల రేషన్‌ను 'అబ్బాజాన్' అని పిలిచేవారే మింగేశారన్నది దాని సారాంశం. ముస్లింలు అన్న పదాన్ని ఆయన వాడలేదు. వాడవలసిన అవసరమూ రాలేదు. బిడ్డ తన తండ్రిని పిలిచే పిలుపే ఆ వేదికపై నేరారోపణ పత్రమయింది. ములాయంసింగ్ యాదవ్‌ను ఎద్దేవా చేయడానికి ఆయన అదే ఏడాది ఈ పదాన్నే వాడారు. అంటే నోరుజారిన మాట కాదిది, ఎంచుకున్న ఆయుధం.

ఇంతకూ ఆ పదంలో ఏముంది? అరబ్బీలో 'అబ్' అంటే తండ్రి, ఫారసీలో 'జాన్' అంటే ప్రాణం. దివ్య ఖుర్ఆన్ మర్యమ్ సూరాలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) విగ్రహారాధకుడైన తన తండ్రితో విభేదిస్తూ, వరుసగా నాలుగు ఆయతుల్లో నాలుగు సార్లు 'యా అబతి' అని సంబోధిస్తారు. విశ్వాసంలో రాజీ లేదు, పిలుపులో ప్రేమా తగ్గలేదు. తండ్రి పేరును తిట్టుగా మార్చేవారికి ఆ సంస్కారం ఎలా అర్థమవుతుంది?

పోనీ, ఇది ముస్లింల సొంత పదమా అంటే అదీ కాదు. హజ్రత్ ఈసా కాలంనాటి అరమాయిక్ భాషలో తండ్రి 'అబ్బా'యే. మార్కు సువార్తలో గెత్సెమనే తోటలోని ప్రార్థనలో ఆ పదం ఉన్నదున్నట్లు నిలిచి ఉంది. నేటికీ హీబ్రూ మాట్లాడే యూదు పిల్లలు తండ్రిని 'అబ్బా' అనే పిలుస్తారు. అంతదూరం ఎందుకు, తెలుగు నిఘంటువు తెరిస్తే 'అబ్బ' అంటే తండ్రి అని కనబడుతుంది. "ఇదేమైనా నీ అబ్బ సొమ్మా?" అని తెలుగువాడు నిత్యం దబాయిస్తూనే ఉంటాడు. తమిళ, కన్నడాల్లో అదే 'అప్ప'. ఇవన్నీ అరబ్బీ నుంచి వచ్చాయని ఎవరైనా గొప్పలు పోతే అది పొరపాటు. పెదవులు కలిపి పసిపాప పలికే తొలి ధ్వనులే అమ్మగా, అబ్బగా స్థిరపడ్డాయని రోమన్ యాకోబ్సన్ వంటి భాషావేత్తలు వివరించారు. పసినోటికి మతం లేదు.

ఇక రేషన్ సంగతి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. తండ్రిని ఏమని పిలుస్తావని ఆ చట్టం అడగదు. అర్హుడైన ముస్లిం తన వాటా తీసుకుంటే అది దోపిడీ ఎలా అవుతుంది? అక్రమం జరిగి ఉంటే డీలరు పేరు, అధికారి పేరు చెప్పాలి. కేసు పెట్టాలి. అవేవీ చెప్పకుండా ఒక పిలుపును చూపించడమంటే అక్రమార్కుణ్ణి వదిలి సముదాయాన్ని బోనెక్కించడమే.

మన ఇంటి గుట్టు కూడా కాస్త విప్పాలి. 'నాయనా', 'నాన్నా' అని పిలిచే దూదేకుల కుటుంబాలను, ఇంట్లో ఉర్దూ లేదన్న ఒక్క కారణంతో, తక్కువ ముస్లింలుగా చూసేవారు మనలో లేరా? కేరళ మాప్పిళ్లలు 'ఉప్పా', 'వాప్పా' అంటారు. తమిళ ముస్లింలలో 'అత్తా' అనేవారున్నారు. తుర్కులకు 'బాబా'. హైదరాబాదు దక్కనీలో 'బావా' అనేవారూ ఉన్నారు. తెలుగు పొరుగువారు ఆ పిలుపు విని చుట్టరికం తికమకపడటం వేరే ముచ్చట! ఇన్ని పిలుపుల ఉమ్మత్‌లో ఒక్క 'అబ్బా'కే పెద్దపీట వేయడం, ఆ ఒక్క పదంతో మనందరినీ గుర్తుపట్టాలనుకునే వారి పనిని సులువు చేయడమే.

మరోవైపు, బడిలో ఎవరైనా నవ్వుతారేమోనని బిడ్డకు బయట 'డాడీ' అనమని నేర్పే తల్లిదండ్రులున్నారు. ఇష్టంతో అంటే అది వేరు. భయంతో మాత్రం అనిపించకండి. తరగతిలో ఎగతాళి జరిగితే వెళ్లి ఉపాధ్యాయుణ్ణి కలవండి. ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వెళ్లేటప్పుడు ఒక తెలుగు నిఘంటువు కూడా పట్టుకెళ్లండి. 'అబ్బ' అకారం దగ్గరే దొరుకుతుంది, పుటలు ఎక్కువ తిప్పనక్కర లేదు.