పారిపోయినవాడికే కథ ఉంటుందా?

మొన్న శ్రీనగర్ కాలనీలో టీ తాగుతూ ఒక తమ్ముడు నాకు లైన్ చెప్పాడు. సహాయ దర్శకుడు. "అన్నా, భానుకిరణ్ మీద సిరీస్. నమ్మినబంటే చంపేస్తాడు. పదిహేను నెలలు పోలీసులకి దొరకడు. జహీరాబాద్‌లో క్లైమాక్స్." చెప్తూ చెప్తూ బిస్కెట్ టీలో పడేసుకున్నాడు.

లైన్ బాగానే ఉంది. నా గొడవంతా అదే.

2011 జనవరి 3 సాయంత్రం, ఇక్కడికి పక్కనే యూసుఫ్‌గూడలో, మద్దెలచెరువు సూరిని కారులోనే కాల్చి భానుకిరణ్ మాయమయ్యాడు. 2012 ఏప్రిల్‌లో దొరికాడు. 2018 డిసెంబర్‌లో నాంపల్లి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఇందులో మనవాళ్ళకి నచ్చేది ఆ మధ్యలో పారిపోయిన భాగం. పారిపోయేవాడి వెనక కెమెరా పరిగెడితే మనమూ వాడితో పరిగెడతాం. జీపు చప్పుడు వినపడితే మన గుండే జారుతుంది. ప్రేక్షకుడి తప్పేం లేదు, కెమెరా పెట్టిన చోటు అలాంటిది. చచ్చిపోయినవాడి పక్కన పెట్టి చూడండి, అది కదలదు.

సరే, చచ్చిపోయిన సూరి ఎవరు? అతనూ యావజ్జీవ శిక్ష పడ్డవాడే. 1997 నవంబర్ 19న రామానాయుడు స్టూడియోలో 'శ్రీరాములయ్య' ముహూర్తం. పరిటాల రవి కోసం బయట కారుబాంబు పెట్టారు. రవి గాయాలతో బతికాడు. 26 మంది చనిపోయారు. వాళ్ళలో వార్త కోసం వచ్చిన ఈటీవీ సిబ్బంది ఉన్నారు. అనంతపురం పగలతో వాళ్ళకేం సంబంధం? పేలింది పరిశ్రమ సొంత గడపలో. పద్నాలుగు నెలలు తిరక్కుండానే, 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. ఆ తర్వాత ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయో లెక్కలేదు. (నేనూ ఈలవేసినవాణ్ణే. దాచుకోను.)

2005లో రవిని చంపారు. ఆ కేసులో ఉన్న మొద్దు శీనుని 2008లో అనంతపురం జైల్లోనే చంపారు. సూరి 2009లో బయటికొచ్చాడు. 2010 డిసెంబర్‌లో 'రక్త చరిత్ర' రెండో భాగం విడుదలైంది, అందులో సూరి పాత్ర సూర్యది. నెల తిరిగేసరికి అసలు సూరి లేడు. ఇప్పుడు మా తమ్ముడి దగ్గర మూడో భాగం ఉంది.

సూరికీ కారణం ఉంది కదా అంటారు. ఉంది. 1993లో టీవీలో పెట్టిన బాంబు అతని ఇంట్లోవాళ్ళని చంపింది. అది చిన్న దుఃఖం కాదు, నేను తక్కువ చెయ్యను. కానీ ఆ ఒక్క ఇంటి దుఃఖానికి ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, నేపథ్య సంగీతం వస్తుంది, పేరున్న నటుడు వస్తాడు. 26 ఇళ్ళ దుఃఖం మాత్రం ఒక అంకె దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళ పిల్లలకి ఇప్పుడు ముప్పై దాటుంటాయి. వాళ్ళు ఎవరినీ చంపలేదు, ఎక్కడికీ పారిపోలేదు, ఉద్యోగాలు వెతుక్కుని ఉంటారు. చంపకుండా బతకడానికి ఎంత ఓర్పు కావాలో రాయడం మనకి రాదు. రాక, దానికి 'డ్రామా లేదు' అని పేరు పెట్టాం. వెబ్ సిరీస్‌లే కాదు, మన కథకులూ అంతే. 'ఫ్యాక్షన్ కథ' అనగానే కత్తి పట్టినవాడి మనసులోకే దూరతాం.

"1997 దగ్గర మొదలుపెట్టు. ఆ పొద్దున డ్యూటీకి బయల్దేరినవాడి ఇంట్లోంచి," అన్నాను తమ్ముడితో.

కాసేపు నిజంగానే ఆలోచించాడు. "బాగుంటుందన్నా. కానీ అతను మొదటి ఎపిసోడ్‌లోనే పోతాడు కదా, మిగతా ఏడు ఎపిసోడ్లు ఎవర్ని చూపించాలి?"

"వాళ్ళావిణ్ణి," అన్నాను.