తుని దాటితే

విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరానికి రైలు దారి రెండు వందల కిలోమీటర్లు. తుని ఇంచుమించు నట్టనడుమ ఉంటుంది. ఇటు వంద, అటు వంద. లెక్క ఇంత తేలికైనా, ఆ దారిన తరచూ తిరిగేవాళ్లు ఈ రెండు వందలూ ఒకటేనంటే ఒప్పుకోరు. విశాఖలో కొలువు చేసుకుంటూ పండక్కి కోనసీమ పోయే మనిషి తునిలో రైలు కదలగానే ఇంటికి ఫోన్ చేసి ‘తుని దాటేశాం, వచ్చేసినట్టే’ అంటాడు. గోదావరి వంతెన ఇంకా వంద కిలోమీటర్ల అవతలే ఉంది. కనుమ మర్నాడు అదే మనిషి తిరుగు రైల్లో తుని బోర్డు చూసి ‘అప్పుడే తుని వచ్చేసిందా’ అని ఉసూరుమంటాడు. స్టేషన్ అదే, బోర్డూ అదే.

వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు దారి పొట్టిగా అనిపిస్తుందని లోకమంతా అనే మాట. నీల్స్ వాన్ డె వెన్ అనే డచ్ పరిశోధకుడు, ఆయన సహచరులు 2011లో దీన్ని పరీక్షించి చూశారు. దారి అలవాటు కావడం వల్ల కాదు, మొదటిసారి మనం అనుకున్న దానికంటే ఎక్కువసేపు పట్టిందనిపించడం వల్లే తిరుగు దారి పొట్టిగా తోస్తుందన్నారు. బాగానే ఉంది. కాకపోతే వాళ్ల ప్రయోగంలో సంక్రాంతి సెలవులు అయిపోయి డ్యూటీకి పోతున్నవాడెవడూ ఉన్నట్టు లేదు.

దూరమే కాదు, ఎత్తూ మనసును బట్టి మారుతుందనే వాదం ఒకటుంది. తునికి దగ్గర్లోని తలుపులమ్మ లోవ అందుకు చూడదగ్గ చోటు. కొండల నడుమ లోయ, పైన అమ్మవారు, మధ్యలో మెట్లు. ఆషాఢంలో అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. కొత్త లారీకి, కొత్త ఆటోకి పూజ చేయించేవాళ్లు కొందరైతే, గిన్నెలూ బియ్యం మోసుకొచ్చి చెట్ల కింద వండుకుతినేవాళ్లు మరికొందరు. అమెరికాలో డెన్నిస్ ప్రాఫిట్, ముకుల్ భల్లా 1999లో బరువు సంచి వీపున తగిలించి మనుషులకు కొండను చూపిస్తే, అది ఉన్నదానికంటే నిటారుగా ఉందన్నారట వాళ్లు. పక్కన స్నేహితుడుంటే అదే కొండ కాస్త వాలుగా కనిపించిందని 2008లో మరో ప్రయోగం చెప్పింది. ఈ ఫలితాలను ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. సంచి తగిలించినవాడు ఏమి వినాలనుకుంటున్నాడో కనిపెట్టి జవాబిచ్చారని వాళ్ల వాదన. ఆ తగవు వాళ్లు తేల్చుకుంటారు. లోవ మెట్ల మీద మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ ఒకావిడ మనవరాలి భుజం పట్టుకుని, మధ్యమధ్య కూలబడుతూ, కబుర్లాడుతూ పైకి చేరుతుంది. ఆమెనే డాక్టరు వ్యాయామానికని ఒంటరిగా మేడ మెట్లు ఎక్కమంటే వారం దాటి ఎక్కదు.

సరిహద్దు గీతల సంగతి ఇంకా తమాషా. తునికీ పాయకరావుపేటకీ నడుమ తాండవ నది. వంతెన ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారకముందూ ఇవి రెండు జిల్లాలే: తూర్పు గోదావరి, విశాఖపట్నం. కలెక్టర్లు వేరు, పేర్లు వేరు. బజారుకు వచ్చేవాళ్లకు మాత్రం అది పొద్దున్నే దాటి సాయంత్రం మళ్లీ దాటే వంతెన, అంతే. ఒడ్డు మారామన్న ఆలోచనే రాదు. కానీ మన ఊళ్లలో నది అడ్డం లేకుండానే దూరమైన చోట్లున్నాయి. ప్రధాన వీధికీ ఊరి చివరి పేటకీ మధ్య ఒక్క రోడ్డే. దాన్ని దాటడానికి అర నిమిషం చాలు, అయినా మూడు తరాలుగా అటు భోజనానికి వెళ్లని ఇళ్లున్నాయి. సర్వేయరు గొలుసుకు ఈ దూరం అందదు. మనసు చోటును దగ్గర చేస్తుందని మురిసిపోయేవాళ్లం, ఇదీ దాని పనేనని ఒప్పుకోవాలి.

ఒక్క మధ్యాహ్నం చాలు, ఊరి పేరుకు కొత్త ఉద్వేగం అంటుకోవడానికి. 2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల సభ తర్వాత తుని దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. ప్రయాణికులు దిగిపోయారు కనుక ప్రాణాలు దక్కాయి. కేసును విజయవాడ రైల్వే కోర్టు 2023లో కొట్టేసింది. కోర్టు కేసును మూసేసినా, టీవీలో ఆ మంటలు చూసినవాళ్ల తలలో తుని పేజీ ముగియలేదు. మనం ఉన్న చోటును గుర్తుపట్టే కణాలు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఉంటాయని జాన్ ఓకీఫ్ 1971లో కనిపెట్టాడు. 2014లో నోబెల్ వచ్చింది. భయాన్ని పట్టుకునే అమిగ్డాలా దానికి పక్కిల్లే. అందుకేనేమో, భయపడిన చోటు అంత గట్టిగా గుర్తుంటుంది. ఆ రోజు ఆ పెట్టెల్లో కూర్చున్న మనిషికి రైలు ఇక్కడ కాస్త ఆలస్యంగా ఆగినా గుండె ఝల్లుమంటే తప్పేముంది? తునివాళ్లకు మాత్రం ఊరంటే పొగ కాదు. వేసవి వస్తే మామిడికాయల బేరాలు, గంపలు, గడ్డి, లారీలు. దూరంనుంచి చూసేవాడికి మిగిలింది ఒక్క రోజు, ఉండేవాడికి మిగతా రోజులన్నీ ఉన్నాయి. ఊళ్లను వార్తల్లో చదివే మనం, రాసే మేమూ, ఈ తేడా మరిచిపోతుంటాం.

ఇప్పుడు అమృత్ భారత్ పథకంలో తుని స్టేషన్‌కూ చోటు దక్కింది. లిఫ్టులు, కొత్త ముఖద్వారాలు, మంచి బల్లలు వస్తే సంతోషమే. ఒక చిన్న విన్నపం. సాగనంపడానికి వచ్చినవాళ్లు నిలబడే చోటు ఏ నక్షాలోనూ ఉండదు. రైలు కదిలాక వాళ్లు కిటికీ పట్టుకుని రెండు మూడు పెట్టెల దూరం నడుస్తారు. ఆ దారిలో ప్రకటనల స్తంభాలు పాతకుండా ఉంటే బాగుంటుంది.