వ్రాయక విడిచిన వీలునామా

"నా తదనంతరము నా యాస్తి నా వారికి గాక మరెవ్వరికి పోవును?" అను ప్రశ్నతో మన గృహస్థులలో పెక్కుమంది వీలునామా ప్రసక్తిని మొదటనే త్రోసిపుచ్చుదురు. బ్రతికియుండగనే మరణానంతర వ్యవస్థను గూర్చి మాటాడుట యశుభమను భావన యొకవైపు, బిడ్డల నడుమ పొరపొచ్చములు పుట్టునేమో యను భయము వేరొకవైపు వారి చేతిని పట్టియుంచగా, వారు వ్రాయక విడిచిన శాసనమును 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వారి తరఫున ముందుగనే వ్రాసియుంచినది. అది నిర్దేశించిన క్రమము గృహస్థుని మనసులోని క్రమముతో నన్నివేళల నేకీభవింపదు.

పురుషుడు వీలునామా లేక మరణించినచో అతని భార్యయు, కుమారులును, కుమార్తెలును, తల్లియు సమభాగములకు హక్కుదారులగుదురు. తండ్రికి ఈ మొదటి తరగతిలో స్థానము లేదు. జీవితకాలపు కూడబెట్టుతో కుమారుని పేర నిల్లు కొన్న తండ్రి, ఆ కుమారుడు ముందుగ గతించినచో, కోడలో మనుమలో తన భార్యయో యున్నంతవరకు ఆ యింట వాటా లేనివాడగును. స్త్రీ విషయమున నీ వైపరీత్యము మరింత తీవ్రము. బిడ్డలు లేని వితంతువు స్వార్జితము ఆమెను కన్నవారికంటె ముందు ఆమె భర్త వారసులకు సంక్రమించును. తలిదండ్రుల నుండి వారసత్వముగ వచ్చినది మాత్రమే తండ్రి వారసులకు మరలును.

ఈ సూత్రము కాగితముమీద నున్నంతసేపు దాని కాఠిన్యము తెలియదు. వివాహమైన మూడు నెలలకే భర్తను కోల్పోయి, అత్తవారింటి నుండి గెంటివేయబడి, పుట్టింటి యండతో చదువుకొని, ఉద్యోగము సంపాదించి, జీవితమంతయు తన రెక్కల కష్టముపై బ్రతికిన యొక స్త్రీ 1996లో వీలునామా లేక మరణింపగా, ఆమె బ్యాంకు నిలువలును, ప్రావిడెంటు ఫండు సొమ్మును కన్నతల్లి పక్షమునకు గాక భర్త సోదరి కుమారులకే చెందునని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. సానుభూతిని బట్టి చట్టమునకు వేరర్థము చెప్పజాలమని న్యాయమూర్తులు తలంచిరి. ఆ నిబంధననే సవరింపవలెననువారితో నేనును ఏకీభవింతును. అయినను, సవరణ వచ్చువరకు వేచియుండనక్కరలేకుండ, ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసిన యొక తెల్లకాగితము ఆ తల్లిని కోర్టు మెట్లెక్కకుండ కాపాడియుండెడిది గదా! దానికి స్టాంపు సుంకము లేదు. రిజిస్ట్రేషను సయితము ఐచ్ఛికమే.

"బ్యాంకులో నామినీ పేరిచ్చియున్నాము, చాలదా?" యని కొందరందురు. చాలదు. నామినీ సొమ్మును స్వీకరించువాడే గాని దానికి సొంతదారు గాడని, అది వారసుల కొరకు స్వీకరించినదే యగునని బీమా వ్యాజ్యమున 1983లోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పినది. బీమా మట్టుకు 2015 నాటి సవరణ తలిదండ్రులు, భార్యాభర్తలు, సంతానము నామినీలైనచో వారికే ఫలమును కట్టబెట్టినది. బ్యాంకు డిపాజిట్టుల విషయము పూర్వమువలెనే యున్నది.

మరికొందరు వీలునామాతో పనియేమని, బ్రతికియుండగనే దాన సెటిల్‌మెంటు దస్తావేజు వ్రాసియిచ్చి చేతులు దులుపుకొందురు. ఆ దస్తావేజు పూర్తియైన క్షణముననే హక్కు చేయిదాటును. వీలునామా యన్ననో వ్రాసినవాని యూపిరి యున్నంతకాలము మార్చుకొనదగినది. సంరక్షణ షరతుతో నిచ్చిన దానమును, ఆ షరతు చెల్లనిచో, రద్దు చేయించుకొనుటకు 2007 నాటి వయోవృద్ధుల చట్టము దారి చూపినమాట నిజమే. కాని ముదిమిలో ట్రిబ్యునలు చుట్టు తిరుగుట యెవరికి ముచ్చట?

ఇట్లు మార్చుకొనవచ్చునను సౌలభ్యమును వాడుకొనువారు మరియు నరుదు. పెండ్లియైన కుమార్తెకు పిత్రార్జితమున హక్కు లేదను నమ్మికతో, భూమి యావత్తు కుమారులకు వ్రాసి బీరువాలో నుంచిన పాత వీలునామాలు మన జిల్లాలలో నెన్నియో కలవు. 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ అవివాహితలకే జన్మహక్కు నొసగినది గనుక ఆ నమ్మిక నాడు నిరాధారము గాదు. 2005లో కేంద్ర సవరణ ఆ హక్కును కుమార్తెలందరికిని విస్తరింపగా, ఆ సవరణనాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కావున 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగ భాగములు పంచుకొన్న కుటుంబములను మినహాయించినచో, ఆ తండ్రి వ్రాత తన వాటా మేరకే చెల్లును. తక్కినది వ్యాజ్యమునకు విత్తనమగును.

చట్టము మారకున్నను సంసారము మారును. ఒకనికి వ్రాసిన చెలక ఆ తరువాత అమ్ముడుపోయినచో అతనికి దాని బదులు మరేమియు రాదు; విడాకులైనంత మాత్రమున మాజీ భార్యకు వ్రాసిన భాగము తనంత తాను రద్దు కాదు. మంచము పట్టిన పిదప, లబ్ధి పొందువాడే వ్రాయసగానిని వెంటబెట్టుకొని వచ్చి వ్రాయించిన పత్రమును న్యాయస్థానములు అనుమానదృష్టితోనే చూచును గనుక, ఈ దిద్దుబాట్లన్నియు ఆరోగ్యముండగనే జరుగవలెను. క్రొత్త పత్రమున తేదీ వేసి, పూర్వపు వీలునామాలన్నియు రద్దని స్పష్టముగ వ్రాయవలెను. ఇంట నుంచుటకు సందేహించువారు దానిని సీలువేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరుపవచ్చును. వ్రాసినవాడు కోరినచో ఆ కవరును మరల వెనుకకు తీసికొనవచ్చును.