బడికి పెద్ద యెవరు?

ఆటలలో నారితేరి, యుద్ధరంగమును జూచివచ్చినవాడు పాఠశాలకు పెద్దయగుట మేలా, కీడా? ఈ ప్రశ్నకు కోనసీమలో రెండు జవాబులు వినవచ్చుచున్నవి. పిల్లలకు క్రమశిక్షణ తప్పినది గావున సిపాయియే కావలెనని కొందఱు. బడి పటాలము గాదు, కఱ్ఱపట్టినవాని కందు పనిలేదని మఱికొందఱు. మేము తీర్పు చెప్పుటకు ముందు తెలుగునాటి సాక్షుల నిద్దఱిని విచారింతము.

మొదటివారు వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు. ఱొమ్మునకు జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి తెంచిన యీ మల్లుని లోకము సర్కసు డేరాలో జూచి చప్పట్లు కొట్టినది. కాని యంతకుముందే వారు చెన్నపట్టణపు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, తాము చదివిన విజయనగరపు బడికే వ్యాయామోపాధ్యాయులై వచ్చిరని మఱువరాదు.

రెండవవారు పింగళి వెంకయ్యగారు. 1899లో మొదలైన బోయరు యుద్ధమునకై ఆంగ్లసేనలో జేరి దక్షిణాఫ్రికాకు పోయిరి. ఆ తుపాకి పరులది. ఆ యుద్ధమును పరులదే. అయినను తిరిగివచ్చి, 1911 మొదలు బందరు జాతీయ కళాశాలలో చరిత్రమును, వ్యవసాయమును బోధించుచు, విద్యార్థులకు గుఱ్ఱపుస్వారీ, వ్యాయామము, సైనికశిక్షణము నేర్పిరి. పరుల కొలువున నేర్చినదానిని స్వజనుల బిడ్డల కిచ్చిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలో గాంధీజీకి జెండా నమూనా సమర్పించినవారు వీరే.

ఈ సాక్ష్యములవలన తేలిన దొకటే. క్రమశిక్షణ మనగా నితరులను వంచుట గాదు, తన్ను తాను వంచుకొనుట. తాను పరుగెత్తి పిల్లలను పరుగెత్తుమనువాడు గురువు. కుర్చీలో గూర్చుండి పరుగెత్తుమనువాడు జమాదారు. 1962లో స్థాపితమైన కోరుకొండ సైనిక పాఠశాలకు సేనాధికారులే ప్రధానాచార్యులగుట వాడుక. కాని యచట పరీక్షలో నెగ్గిన బిడ్డలు చేరుదురు. ఊరిబడికి వచ్చిన ప్రతిబిడ్డయు మనదే. కనుక యుద్ధము చూచినవాడు ధైర్యమును బడిలోనికి దేవలెను, హుకుమును గుమ్మముకడనే విడువవలెను. ఇది మా యభిప్రాయము మాత్రమే కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను పిల్లలను గొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది.

కాట్రేనికోనవంటి సముద్రతీరపు మండలమునకు ఈ విషయము మఱింత ముఖ్యము. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను కోనసీమ కొబ్బరితోటల నేల గూల్చినది. అట్టి దినమున పక్కాబడియే ఊరికి కోట. ఆ కోటలో వందలమంది తలదాచుకొనినప్పుడు, బెదరక వరుస నిలుపగల పెద్ద యొకడు, ఈదనేర్చిన పిల్లలు పదిమంది యున్నచో నెన్ని ప్రాణములు నిలుచునో యెవరు లెక్కింపగలరు? దేహశిక్షణ మిచట వేడుక గాదు, బ్రదుకు.

అదే చట్టపు షెడ్యూలు ప్రతిబడికి ఆటస్థలమును, వార్తాపత్రికలుగల గ్రంథాలయమును విధించినది. ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో పిల్లలు నూఱుమందికి మించినచోట పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడును, ఆరోగ్య వ్యాయామ విద్యకు పార్ట్‌టైము శిక్షకుడును ఉండవలె నన్నది. ప్రభుత్వపుబడుల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులకే యిచ్చినది. హక్కు కాగితముమీద నున్నది. దానిని నడిపింపవలసినది మనము.

చదువరులారా! ఈ పత్రికను మడిచి మీయూరి బడికి నడువుడు. ఆటస్థలమున ఆడుచున్నవి బిడ్డలో, మేయుచున్నవి దూడలో కన్నులార చూడుడు. వ్యాయామశిక్షకు డున్నాడా యని యడుగుడు. లేనిచో నాడే అర్జీ వ్రాయుడు. మీయూర యుద్ధముచూచిన మాజీసైనికుడో, ఆటలలో పేరుపొందిన యువకుడో యున్నచో వారిని బడికి బిలువుడు. వెంకయ్యగారు ప్రధానాచార్యపీఠ మెక్కి యీ పని చేయలేదు. పిల్లల నడుమ నిలిచి చేసిరి.